ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకు దాకా

డ్రైవరమ్మ మీద పడ్డ నింద సంగతి పోయినవారం చదివినవాళ్ళకి తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. ఊళ్ళోని ఆసుపత్రుల దుప్పట్లూ తెరలూ ఉతికే పెద్ద లాండ్రీలో ఆమె పికప్ బండి నడుపుతుంది. ఆమె బండిలో డీజిలు మాయమవుతోందని మేనేజరు పట్టుకున్నాడు. అతని లెక్క పైకి నున్నగానే ఉంది. బండి స్క్రీను మీద లీటరుకి పదమూడు కిలోమీటర్లు వస్తున్నట్టు కనిపిస్తుంది. బంకు రసీదులు చూస్తే పదకొండు ముప్పావే తేలుతుంది. ఎనిమిది నెలల కిందటి దాకా రసీదుల్లోనూ పన్నెండున్నర ఉండేది. "మధ్యలో తేడా ఎవరు తాగారమ్మా?" అని మధ్యాహ్నం భోజనాల గదిలో, నలభై మంది ముందు అడిగేశాడు. డ్రైవరమ్మ ఏడవలేదు, ఒట్లు పెట్టలేదు. "కొలిచి చూపిస్తాను. మీరే వచ్చి పక్కన కూర్చోండి" అంది. యజమాని పెద్దాయన సరేనన్నాడు. శుక్రవారం సాయంత్రానికి కొలత తేలకపోతే తాళంచెవి ఇచ్చేసి వెళ్ళిపోవాలి.

ఆ శుక్రవారం రానే వచ్చింది.

పొద్దున్న ఆరింటికి మేనేజరు కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, చంకలో ఫైలుతో బండి దగ్గరికి వచ్చేసరికి సీటు మధ్యలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో సంచీ, చేతిలో పెన్సిలు.

"ఈవిడెవరు?"

"మా అత్తయ్య. మందుల గదిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. చిన్నపిల్లల మందు చుక్క తేడా రాకుండా కొలిచిన చెయ్యి. ఈరోజు కొలతంతా ఆవిడదే" అంది డ్రైవరమ్మ.

"నేను నలభై ఎనిమిది కిలోలు నాయనా, బరువులో రాసుకోండి" అంది అత్తగారు పెన్సిలు చెవిలో దోపుకుంటూ. "మీరెంత?"

మేనేజరు చెప్పలేదు. బట్టలు తూచే కాటా మీద నిలబెట్టేదాకా ఆవిడ వదల్లేదు. ఎనభై ఆరు వచ్చింది. ఇస్త్రీ గది కిటికీలోంచి నవ్వులు వినిపించాయి.

బరువులన్నీ ఆ కాటా మీదే తూచారు. కొండ మీది ఆసుపత్రికి పోయే ఉతికిన దుప్పట్ల మూటలు ఆరువందల ఇరవై కిలోలు. రోజూ పోయేదీ అంతే. మేనేజరుకి అక్కడే అనుమానం వచ్చింది.

"ఈరోజు నువ్వు గాజుగిన్నెలు మోస్తున్నట్టు నడుపుతావు. నెమ్మదిగా పోతే ఎవరికైనా మైలేజీ వస్తుంది. దాంతో ఏం తేలుతుంది?"

"రోజూ ఎనిమిదిన్నరకి కొండెక్కుతాను. ఈరోజూ ఎనిమిదిన్నరకే ఎక్కుతాను. గడియారం మీ చేతికే ఉందిగా, చూసుకోండి."

బంకులో ఇంకా రద్దీ మొదలవలేదు. డ్రైవరమ్మ రెండో పంపు దగ్గర, ముక్కు రోడ్డు వైపు ఉండేలా బండి నిలబెట్టింది. దిగి నాలుగు చక్రాల దగ్గరా నేల మీద సుద్దముక్కతో గీతలు గీసింది.

"ఈ గీతలెందుకు?" అన్నాడు మేనేజరు.

"ఇక్కడ నేల కొంచెం వాలుగా ఉంది. బండి ఒకసారి ఇటూ ఇంకోసారి అటూ తిప్పి పెడితే ట్యాంకులో అర లీటరు అటూ ఇటూ అయిపోతుంది. సాయంత్రం మళ్ళీ ఇవే గీతల మీద నిలబెడతా."

అత్తగారు దిగి, బంకు కుర్రవాడ్ని కాదని లోపలున్న సూపర్‌వైజరునే పిలిపించింది. "మీ దగ్గర అయిదు లీటర్ల కొలపాత్ర ఉంటుందిగా, పట్రండి."

"ఎందుకండీ?"

"ముందు మీ పంపు నిజం చెబుతోందో లేదో చూడాలిగా. కొలిచే గిన్నె సరిగా లేకుండా ఎంత కొలిచి ఏం లాభం?"

సూపర్‌వైజరు గొణుక్కుంటూనే పాత్ర తెచ్చాడు. పంపు మీద సరిగ్గా అయిదు లీటర్లు పట్టించారు. అత్తగారు మోకాళ్ళు పట్టుకుని వంగి, కన్ను గీతకి సమంగా తెచ్చి చూసింది. పైనుంచి చూస్తే ఎక్కువగానూ కిందనుంచి చూస్తే తక్కువగానూ కనిపిస్తుందని మేనేజర్ని కూడా వంగి చూడమంది. ఎనభై ఆరు కిలోల మనిషి అంత పొద్దున్నే వంగాల్సి వచ్చింది. డీజిలు గీత మీదే నిలిచింది.

"పంపు మంచిదే" అంది ఆవిడ.

తరవాత ట్యాంకు నింపారు. నాజిలు టక్కుమని ఆగగానే కుర్రవాడు బయటికి తీయబోయాడు. డ్రైవరమ్మ వద్దంది. "అది నురగ తగిలి ఆగింది. డీజిలు పాలలాగే పొంగుతుంది. నురగ దిగనీ." అయిదు నిమిషాలు ఆగారు. బండిని భుజంతో రెండుసార్లు ఊపింది. లోపల ఇరుక్కున్న గాలి బుడబుడమంటూ బయటికొచ్చింది. మళ్ళీ సన్నధారగా పట్టించి, ట్యాంకు మెడ లోపలి వెల్డింగు గీతని డీజిలు తాకగానే ఆపించింది. మూత బిగించారు. మూత మీద కాగితం అతికించి దాని మీద మేనేజరే అడ్డంగా సంతకం చేశాడు. కిలోమీటర్ల మీటరూ స్క్రీనూ రెండూ సున్నాకి తెచ్చారు.

అసలు ఎండ ఇంకా ఎక్కకుండానే మేనేజరుకి చెమట పట్టింది. ముగ్గురు పట్టీ పట్టని సీటు అది.

పెద్ద రోడ్డెక్కాక అత్తగారు సంచీలోంచి రెండు రేకు డబ్బాలు తీసింది. ఒకదాని నిండా బొత్తాలు. లాండ్రీలో ఊడిపోయిన చొక్కా బొత్తాలు. రోడ్డు పక్కన కిలోమీటరు రాయి కనిపించినప్పుడల్లా ఒక బొత్తం ఈ డబ్బాలోంచి ఆ డబ్బాలో వేస్తోంది.

"ఈ ఆటేమిటండీ? మీటరుందిగా" అన్నాడు మేనేజరు.

"మీటరు మాటని కూడా సరిచూసుకోవద్దూ?" అని ఇంకో బొత్తం వేసింది. "మాట్లాడించకండి, లెక్క తప్పుతుంది."

యాభై రాళ్ళు దాటాయి. డబ్బాలో యాభై బొత్తాలు. డ్రైవరమ్మ మీటరు వైపు చూసింది. రాళ్ళు మొదలైన చోటి నుంచి తిరిగింది నలభై ఏడు.

మీటరు తక్కువ చూపిస్తోందా, అత్తయ్య లెక్క తప్పిందా? మేనేజరు కూడా చూశాడు. పెదవి చివర నవ్వాడు.

"మూడు రాళ్ళు ఎక్కువ లెక్కపెట్టేశారండీ పెద్దమ్మగారూ. వయసు."

అత్తగారు కోప్పడలేదు. "కావచ్చు. అందుకే ఏ మందైనా రెండుసార్లు కొలిచేదాన్ని. వచ్చేటప్పుడు మళ్ళీ లెక్కపెడదాం" అంది.

డ్రైవరమ్మకి మాత్రం మనసు మనసులో లేదు. స్టీరింగు మీద చెయ్యి ఎప్పటిలాగే ఉంది, కాలు ఎప్పటిలాగే తొక్కుతోంది, కానీ ఆ మూడు రాళ్ళూ గుండె మీద కూర్చున్నాయి. అత్తయ్య లెక్క తప్పని తేలితే సాయంత్రం ఈవిడ మాటకి ఎవరు విలువిస్తారు? కొలత అంతా ఆవిడదే అని తానే కదా గొప్పగా చెప్పింది.

ఎనిమిదిన్నరకి కొండ ఎక్కడం మొదలైంది. రెండో గేరులో ఇంజను మూలుగుతుంటే స్క్రీను మీద అంకె ఆరుకి, అయిదుకి పడిపోయింది. దుప్పట్లు దించి, మాసినవి ఎక్కించారు. అక్కడి కాటా మీద ఏడువందల ఎనభై. తడివి కదా. తిరుగుదారిలో లోయలోకి దిగుతుంటే స్క్రీను తొంభై తొమ్మిది చూపించింది.

"ఇదేమిటే అమ్మాయ్! ఇందాక అయిదంది, ఇప్పుడు తొంభై తొమ్మిదంటోంది. దీనికి మతి స్థిమితంగా ఉందా?"

"ఇంజను లోపలికి ఎంత డీజిలు చిమ్ముతోందో అది ఊహించి చెబుతుందత్తయ్యా. ట్యాంకులోకి తొంగి చూడదు."

"ఓహో, అంచనాలా! నేనింకా కొలుస్తోందనుకున్నా" అంది ఆవిడ. మేనేజరు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

పెద్ద రోడ్డు మీద ఈసారి ముగ్గురూ రాళ్ళు లెక్కపెట్టారు. మేనేజరు పైకి లెక్కపెట్టలేదు కానీ పెదాలు కదులుతూనే ఉన్నాయి. యాభయ్యో రాయి పక్కనే డ్రైవరమ్మ బండి ఆపేసింది. రాళ్ళు మొదలైన చోటి నుంచి మీటరు మళ్ళీ నలభై ఏడే తిరిగింది. మేనేజరు పెదాలు కూడా యాభై దగ్గరే ఆగాయి.

డ్రైవరమ్మ తలుపు తెరిచి కిందికి దిగింది. తలుపు అంచున, కంపెనీవాళ్ళు అంటించిన చీటీ ఉంది. ఈ బండికి ఏ సైజు టైర్లు వెయ్యాలో అందులో ఉంటుంది. ఎన్ని వందలసార్లు ఆ తలుపు తీసి వేసిందో, ఎప్పుడూ చదవలేదు. ఇప్పుడు చదివింది. తరవాత వెనకచక్రం దగ్గర గొంతుక్కూర్చుని, టైరు పక్కన బురద గోటితో గీకి అక్కడి అంకెలు చదివింది.

రెండూ ఒకటి కావు.

ఆమె అక్కడే మట్టిలో కూర్చుని పకపకా నవ్వింది. అత్తగారు కంగారుపడి కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఏమైందే?"

"ఏం కాలేదత్తయ్యా. మీ లెక్క తప్పలేదు. అంతే."

సాయంత్రం నాలుగున్నరకి అదే బంకులో, అవే సుద్దగీతల మీద బండి ఆగింది. పెద్దాయన తన కారులో ముందే వచ్చి నిలబడ్డాడు. డ్యూటీ దిగినవాళ్ళు పాతికమంది దాకా లాండ్రీ నుంచి నడిచొచ్చారు. వాళ్ళకి ఓ పక్కగా, చేతులు కట్టుకుని డ్రైవరమ్మ భర్త ఉన్నాడు. ఒకప్పుడు అతనూ డ్రైవరే. నడుం దెబ్బతిన్నాక రెండేళ్ళుగా ఇస్త్రీ యంత్రం దగ్గర పని. వారం నుంచీ ఈ కొలత గురించి ఇంట్లో ఒక్క ముక్కా మాట్లాడలేదు.

మూత మీది కాగితం చెక్కుచెదరలేదని, సంతకం తనదేనని మేనేజరు ఒప్పుకున్నాడు. మళ్ళీ నాజిలు, మళ్ళీ నురగ, మళ్ళీ అయిదు నిమిషాలు. డ్రైవరమ్మ భుజంతో బండి ఊపింది. సన్నధార. డీజిలు వెల్డింగు గీతని తాకింది. అత్తగారు వంగి చూసి వేలెత్తింది. పంపు ఆగింది.

పదహారు లీటర్లు. మీదో రెండు చెంచాలు.

మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు. ఫైలు తెరిచి గబగబా లెక్క వేశాడు. "చూడండయ్యా! మీటరు నూట ఎనభై ఎనిమిది కిలోమీటర్లు. పదహారు లీటర్లు. పదకొండు ముప్పావు! స్క్రీను చూడండి, పదమూడు. నేను మొదటి నుంచీ చెబుతున్నదిదే. లీటరున్నర తేడా. రోజుకి లీటరున్నర అంటే నెలకి దాదాపు నలభై లీటర్లు. నా మాటే నిజమైంది."

గుంపులో గుసగుస మొదలైంది. పెద్దాయన డ్రైవరమ్మ వైపు చూశాడు.

ఆమె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గొంతు పెంచలేదు.

"నిజమే మేనేజరుగారూ. ఈరోజూ లీటరున్నర మాయమైంది. సీలు మీది. సంతకం మీది. పొద్దున్న ఎక్కిన దగ్గర్నుంచి మీరు నా పక్కనే ఉన్నారు. మరి ఆ లీటరున్నరా తాగింది నేనా, మీరా, మా అత్తయ్యా?"

వెనకెవరో కిసుక్కుమన్నారు. అంతే, పాతికమందీ ఒక్కసారి గొల్లుమన్నారు.

"డీజిలు ఎక్కడికీ పోలేదయ్యా" అంది డ్రైవరమ్మ పెద్దాయన వైపు తిరిగి. "స్క్రీను ఊహించి చెబుతుంది, పంపు కొలిచి చెబుతుంది. స్క్రీను తన గొప్ప కొంచెం ఎక్కువ చెప్పుకుంటోంది. ఇన్నాళ్ళూ ఆ గొప్పకీ నిజానికీ మధ్య తేడాని నా మెడకి చుట్టారు."

"మరి ఎనిమిది నెలల కిందట రసీదుల్లో పన్నెండున్నర ఎలా వచ్చింది?" మేనేజరు ఫైల్లో వెనకటి రసీదులు తీశాడు. "అప్పుడు ఇదే బండి. ఇదే దారి. దానికేం చెబుతావు?"

"దానికి నేను చెబుతాను" అని అత్తగారు రెండు డబ్బాలూ బానెట్ మీద పెట్టింది. "ఈ నాయన కూడా లెక్కపెట్టాడు, అడగండి. రాళ్ళు యాభై. మీటరు నలభై ఏడు. పోయేటప్పుడూ అంతే, వచ్చేటప్పుడూ అంతే."

పెద్దాయన మేనేజరు వైపు చూశాడు. మేనేజరు తల అడ్డంగా ఊపలేకపోయాడు.

"ఎనిమిది నెలల కిందట ఈ బండికి కొత్త టైర్లు వేయించారు" అంది డ్రైవరమ్మ. "తలుపు మీది చీటీలో ఒక సైజు ఉంది, టైరు మీద ఇంకో సైజు ఉంది. ఇవి ఎత్తు టైర్లు. చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి ఇంకొంచెం ఎక్కువ దూరం పోతుంది. మీటరుకి ఆ సంగతి తెలీదు. అది చుట్లే లెక్కపెడుతుంది. కావాలంటే చదువుకోండి, రెండూ బండి మీదే ఉన్నాయి."

పెద్దాయన నిజంగానే వంగి చదివాడు. లేచేటప్పుడు మోకాలు పట్టేస్తే డ్రైవరమ్మే చెయ్యందించింది.

"నూట ఎనభై ఎనిమిదంటే నలభై ఏడులు నాలుగు" అంది అత్తగారు, ఎదురుగా చిన్నపిల్లలున్నట్టు వేళ్ళు మడుస్తూ. "నలభై ఏడూ నాలుగుసార్లు. మీటరు నలభై ఏడన్నప్పుడల్లా నిజంగా నడిచింది యాభై. యాభై నాలుగుసార్లు ఎంత?"

"రెండువందలు!" అన్నారు వెనకనుంచి నలుగురు.

"రెండువందల కిలోమీటర్లకి పదహారు లీటర్లు. ఎంత?"

ఈసారి జవాబు పెద్దాయనే చెప్పాడు. "పన్నెండున్నర."

"ఎనిమిది నెలల కిందట ఎంతో ఇప్పుడూ అంతే. నా కోడలు చెయ్యి మారలేదు, కాలు మారలేదు. మారింది టైర్లు."

"ఆ టైర్లు వేయించిందెవరు?" అన్నాడు పెద్దాయన.

అందరి చూపులూ ఒకే మనిషి మీద వాలాయి. మేనేజరు మొహం గాలి తీసిన టైరులా అయిపోయింది.

లాండ్రీ ఆవరణలోకి తిరిగి వచ్చాక పెద్దాయన ఆమెని అందరి ముందుకీ పిలిచాడు. "నలభై మంది ముందు నిన్ను దొంగ అన్నారు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను, ఊరుకున్నాను. తప్పు నాది కూడా. ఈ నలభై మంది ముందే క్షమించమని అడుగుతున్నాను" అన్నాడు. ఆమెకి అప్పటిదాకా రాని కన్నీళ్ళు అప్పుడొచ్చాయి. మొహం తిప్పుకుని ముక్కు ఎగబీల్చింది. ఎవరో బట్టల తోపుడుబండి ఇనపకమ్మీ మీద దబదబా బాదారు. ఇంకొకరు, ఇంకొకరు. ఆవరణంతా మోగిపోయింది. అత్తగారు చెవులు మూసుకుని నవ్వుతూ నిలబడింది.

"ఇంకో మాట" అన్నాడు పెద్దాయన చప్పుడు తగ్గాక. "మన బండ్లు ఆరూ ఇలాగే కొలవాలి. ట్యాంకు మెడ నుంచి ట్యాంకు మెడ దాకా. ఈ పని నీదీ మీ అత్తగారిదీ. రేపు పొద్దున్నే ఆ పాత బండితో మొదలుపెట్టండి." షెడ్డు చివర నిలబెట్టి ఉన్న రంగు వెలిసిన పికప్ వైపు చెయ్యి చూపించి, తన గదిలోకి వెళ్ళిపోయాడు.

జనం పలచబడ్డారు. డ్రైవరమ్మ నవ్వుతూ భర్త కోసం చూసింది. అతను నీళ్ళ కుళాయి దగ్గర నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైందండీ? ఒంట్లో బాలేదా?"

"ఆ పాత బండి కొలవద్దు" అన్నాడు.

"ఎందుకని?"

"ట్యాంకు నింపి కొలిస్తే బయటపడుతుంది." అతను తల్లి వైపు చూడలేక నేలవైపు చూశాడు. "దానికి ట్యాంకులు రెండు. రెండోది కనపడదు. చాసిస్ కింద, రేకు వెనకాల ఉంటుంది. నేను నడిపే రోజుల్లో నేనే పెట్టించాను."

అత్తగారి చేతిలో రేకు డబ్బా కిందపడి బొత్తాలన్నీ చెల్లాచెదురయ్యాయి.

"ఎవరు పెట్టించమంటే పెట్టించావురా?" అంది ఆవిడ.

"మేనేజరు. బాయిలరుకి డీజిలు పీపాలు తెచ్చేది ఆ బండిలోనేగా. దారిలో కొంత అందులో దాచమన్నాడు. కాదంటే ఉద్యోగం ఉండదన్నాడు. నడుం విరిగి నేను దిగిపోయాక ఆ సంగతి అక్కడితో పోయిందనుకున్నా. నిన్న ఎందుకో అనుమానం వచ్చి బండి కిందికి దూరి చూశాను." అతను షెడ్డు వైపు చూశాడు. "రెండేళ్ళుగా నేను దాని స్టీరింగు ముట్టలేదు. అయినా ఆ ట్యాంకు నిండుగా ఉంది."

అతని మాట పూర్తవుతుండగానే షెడ్డు చివర ఇంజను దగ్గింది. పాత బండి కదిలింది. స్టీరింగు వెనకాల, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, మేనేజరు.

డ్రైవరమ్మ ఆలోచించలేదు. నాలుగంగల్లో తన బండెక్కింది. టైర్లు కీచుమంటుండగా తీసుకెళ్ళి గేటుకి అడ్డంగా నిలబెట్టి, ఇంజను ఆపి, తాళంచెవి లాగి దిగింది. పాత బండి ఆమెకి మూరెడు దూరంలో ఆగింది. హారను మోగింది. ఆమె కదల్లేదు.

"కొలత రేపటిదాకా ఎందుకు మేనేజరుగారూ? ఇప్పుడే కొలుద్దాం, దిగండి."

మేనేజరు అద్దం దించాడు. కోపంగా లేడు. అదే ఆమెని భయపెట్టింది.

"కొలుద్దాం. నాకేం? ఈ ట్యాంకు చేయించినప్పుడు వర్క్‌షాపు కాగితం మీద సంతకం పెట్టింది నేను కాదు. మీ ఆయన. ఆ కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. బండి పక్కకి తియ్యి, నేనూ ఆ సంగతి మరిచిపోతాను."

తాళంచెవి ఆమె గుప్పిట్లో గుచ్చుకుంటోంది. ఏం చెయ్యాలో తోచక వెనక్కి తిరిగి భర్త కోసం చూసింది.

కుళాయి దగ్గర అతను లేడు. నడుం పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ, పెద్దాయన గది తలుపు దాకా వెళ్ళిపోయాడు. అతని చెయ్యి తలుపు మీద పడింది.